షెల్టర్ కుక్కపిల్ల అని చెప్పి అమ్ముతున్నారు: పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు వాళ్ళు జాగ్రత్త

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు కుక్కపిల్ల కోసం వెతుకుతున్నవాళ్ళు డబ్బు పంపే ముందు ఇది చదవండి.

వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిరుగుతున్నాయి. "షెల్టర్‌లో పిల్లలున్నాయి, దత్తత ఉచితం, టీకాలన్నీ అయిపోయాయి" అని రాస్తారు. ఫోన్ చేస్తే ఆ ఉచితం కాస్తా మందుల ఖర్చు, రవాణా ఖర్చు, టీకా కార్డు ఖర్చు అవుతుంది. అన్నీ కలిపితే బజారు ధరే. ముందే యూపీఐలో వేయమంటారు. "షెల్టర్‌కి వచ్చి చూస్తాం" అంటే ఈ రోజు కుదరదు, రేపు కుదరదు. చివరికి అట్టపెట్టెలో పెట్టి తెచ్చి బస్టాండులోనో స్టేషన్ బయటో చేతికిచ్చి వెళ్ళిపోతారు. మూడు నాలుగు రోజుల్లో పిల్ల తిండి మానేస్తుంది, వాంతులు మొదలవుతాయి, ఆ తర్వాత నెత్తురు విరేచనాలు, ఒక రకమైన కుళ్ళు వాసన. ఫోన్ చేస్తే "మేమిచ్చినప్పుడు బాగానే ఉంది, మీరు పెట్టిన తిండి పడలేదు" అంటారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తరు.

తిండి పడలేదన్న ఆ మాట నమ్మి ఊరుకోకండి. అవి పార్వో లక్షణాలు, అంటే కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. పార్వో వైరస్ ఒంట్లోకి వెళ్ళాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. ఇంటికొచ్చిన రెండో రోజునో మూడో రోజునో పిల్ల పడిపోయిందంటే, జబ్బు మీ గుమ్మం దాటకముందే అంటుకుందని అర్థం.

వీళ్ళకి షెల్టర్ పేరు ఎందుకు కావాలంటే, 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) లేకుండా, టీకాల రికార్డు సరిగ్గా లేకుండా అమ్మకూడదు. అమ్మకం అంటే కొనేవాడు ఇవన్నీ అడుగుతాడు, దత్తత అంటే మొహమాటపడి ఊరుకుంటాడు. మన వైపు అందరి నోటా వినిపించే "45 రోజుల పిల్ల" అసలు అమ్మకానికే పనికిరాదు, 56 రోజులు నిండాలి.

ఇక ఆ టీకా కార్డు. మోసమంతా అక్కడే ఉంటుంది, కాబట్టి నెమ్మదిగా చూడండి. ముందు తేదీలు లెక్కవేయండి. పార్వోకీ, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బుకీ కలిపి వేసే మొదటి డోసు ఆరు వారాలకి ముందు వేయరు. తర్వాతి డోసుకి 3–4 వారాల వ్యవధి ఉండాలి. అలా 16 వారాల వయసు వచ్చేదాకా వేస్తూ పోవాలి. అంటే 45 రోజుల పిల్లకి "రెండు డోసులు అయిపోయాయి" అన్న కార్డు ఉంటే మొదటి డోసు నాలుగు వారాలైనా నిండకముందే వేసినట్టు లెక్క. రేబిస్ టీకా మూడు నెలలకి వేస్తారు. నెలన్నర పిల్ల కార్డులో రేబిస్ గడి నిండి ఉంటే ఆ కార్డు పక్కన పడేయండి.

తర్వాత స్టిక్కర్ చూడండి. టీకా సీసా మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న చిన్న స్టిక్కర్ ఉంటుంది. డాక్టరు దాన్ని ఒలిచి కార్డులో అతికిస్తారు. పార్వో, డిస్టెంపర్ టీకా రెండు సీసాల్లో వస్తుంది: ఒకదాంట్లో అడుగున ఎండిన తెల్లటి బిళ్ళ, రెండోదాంట్లో దాన్ని కరిగించే ద్రవం. అతికించాల్సింది బిళ్ళ ఉన్న సీసా స్టిక్కరు. కొన్ని కార్డుల్లో ఉత్త ద్రవం సీసా స్టిక్కరే ఉంటుంది. అంటే టీకా ఎక్కిందనడానికి రుజువు లేదు. స్టిక్కర్ పక్కన సంతకం, ముద్ర, ముద్రలో వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పేరు ఉండి నంబరు లేకపోతే ఆ డాక్టరు ఏ ఊళ్ళో కూర్చుంటారో అడిగి, నేరుగా ఆయనకే ఫోన్ చేయండి. నిజంగా టీకా వేసినవాళ్ళు చెప్పడానికి ఇబ్బంది పడరు. ఒకే ఈతలోని ఐదారు పిల్లల కార్డులు ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో, వేర్వేరు తేదీలకి నింపి ఉన్నా అనుమానించాలి.

స్టిక్కర్ అసలుదే అయినా మందు పనిచేయకపోవచ్చు. ఈ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసు లేని సంచిలో మే నెల ఎండలో బస్సు ప్రయాణం చేసిన సీసా వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. అందుకే "మేమే తెచ్చి వేసుకున్నాం" అని అమ్మేవాళ్ళు చెబితే ఆ డోసు లెక్కలోకి తీసుకోకండి. డాక్టరుకి చూపించి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టించండి.

వయసు పళ్ళు చెబుతాయి. పిల్ల పెదవిని పక్క నుంచి మెల్లగా పైకెత్తి కోరపన్ను వెనక చిగురు చూడండి. ముందు పళ్ళు, కోరలు మూడు నుంచి ఐదు వారాల మధ్య వచ్చేస్తాయి. వెనకవి ఆ తర్వాత వస్తాయి. ఎనిమిది వారాలకి కోర వెనక పైనా కిందా మూడేసి చొప్పున, మొత్తం నోట్లో 28 పాలపళ్ళు ఉండాలి. కోర వెనక చిగురు నున్నగా ఉన్నా, సూది మొనలు అప్పుడే పొడుచుకొస్తున్నా ఆ పిల్లకి నెల, మహా అయితే నెల మీద కొన్ని రోజులు. దాన్ని తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చినట్టే.

తొందరగా విడదీస్తే ఏమవుతుందో చాలామందికి తెలియదు. పుట్టిన వెంటనే తాగే ముర్రుపాల ద్వారా తల్లి నుంచి పిల్లకి రక్షణ వస్తుంది. వారాలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. తగ్గే దశలో ఒక చిక్కు ఉంది: జబ్బుని ఆపడానికి అది చాలదు, కానీ టీకా పని చేయకుండా అడ్డుపడటానికి సరిపోతుంది. ఎప్పుడు పూర్తిగా పోతుందో పిల్లపిల్లకీ వేరు. అందుకే 16 వారాల దాకా వరుసగా డోసులు వేస్తారు, ఒక్కటి వేసి వదిలేయరు. సరిగ్గా ఆ చిక్కు వారాల్లోనే పిల్లని పెట్టెలో పెట్టి, వేరే ఈతల పిల్లలతో కలిపి, తిండీ నీళ్ళూ మార్చి ఊళ్ళు తిప్పితే పార్వోకి దారి వేసినట్టే.

నిజమైన షెల్టర్‌ని గుర్తుపట్టడం కష్టం కాదు. మీరు వాళ్ళని అడిగే ముందు వాళ్ళే మిమ్మల్ని అడుగుతారు: ఇల్లు సొంతమా అద్దెదా, గేటు ఉందా, ఇంట్లో ఇంకో కుక్క ఉందా, పగలు పిల్ల దగ్గర ఎవరుంటారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని. లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు. ఫారం నింపించుకుంటారు, వయసు వచ్చాక సంతాన నిరోధక ఆపరేషన్ చేయిస్తామని రాయించుకుంటారు, తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటారు. టీకా ఖర్చుకింద కొంత తీసుకునేవాళ్ళూ ఉన్నారు, అది తప్పు కాదు, రసీదు ఇస్తారు. ఏమీ అడగకుండా "ఎప్పుడు పంపమంటారు" అన్నవాడు అమ్మకందారే. "రెస్క్యూ పిల్ల" అంటే ఏ వీధిలో దొరికింది, తల్లి ఏమైంది అని అడగండి. వీధికుక్కలు ఎక్కువగా చలికాలంలో పిల్లలు పెడతాయి. ఆరోగ్యంగా పాలిస్తున్న తల్లి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చి రక్షించామనడం దొంగతనం, ఇంకో మాట లేదు.

ఇప్పటికే పిల్లని తెచ్చేసుకున్నవాళ్ళు కార్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇరవై నాలుగు గంటల్లో పశువైద్యుడికి చూపించండి. ఇంట్లో వేరే కుక్క ఉంటే రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి. వీధిలోకి దింపకండి. వాంతులు మొదలైతే "రేపు చూద్దాం" వద్దు, ఎందుకంటే చిన్న పిల్ల ఒక్క రాత్రిలో నీరసించి పోతుంది. మలంతో చేసే పార్వో పరీక్ష కొన్ని నిమిషాల్లో తేల్చేస్తుంది. పార్వోని చంపే మాత్ర అంటూ లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, పేగుల్లో ఇన్ఫెక్షన్ ముదరకుండా చూసుకుంటూ పిల్ల ఒళ్ళు తేరుకునేదాకా నిలబెట్టాలి. సమయానికి వైద్యం అందితే చాలా పిల్లలు బతుకుతాయి. మనుషులకి వేసే విరేచనాల బిళ్ళలు, పారాసిటమాల్, పాలు వద్దు. వాంతులు చేసుకుంటున్న పిల్ల నోట్లో బలవంతంగా గంజి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పిల్ల పోయిన ఇళ్ళలో జరిగే ఇంకో పొరపాటు ఫినాయిల్. దానితో ఎంత కడిగినా పార్వో చావదు. ముందు సబ్బు నీళ్ళతో మురికంతా పోగొట్టాలి, ఎందుకంటే మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత 5 శాతం బ్లీచ్ ద్రవం ఒక వంతుకి 30 వంతుల నీళ్ళు కలిపి నేల తడిసేలా పోసి పది నిమిషాలు ఆగాలి. బ్లీచ్ అంతకంటే పలచనదైతే నీళ్ళు తగ్గించాలి. ఫినాయిల్, యాసిడ్ మాత్రం దాంతో కలపకండి, విషవాయువు వస్తుంది. గోనెసంచులు, పాత పరుపు కాల్చేయడమే మేలు. మట్టి పెరడుని బ్లీచ్ చేయలేం. అక్కడ వైరస్ నెలల తరబడి ఉంటుంది కాబట్టి టీకాలన్నీ పూర్తయిన కుక్కని తప్ప ఆ పెరట్లోకి తేకండి.

తెచ్చిన పిల్ల కరిచినా, గోరు గీరి నెత్తురు వచ్చినా "చిన్నదే కదా" అనుకోవద్దు. మూడు నెలలు నిండని పిల్లకీ రేబిస్ రావచ్చు. గాయాన్ని కారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, పసుపూ కారం పెట్టకుండా అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో డోసులు 0, 3, 7, 28 రోజుల్లో ఉంటాయి. నెత్తురు వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) కూడా కావాలి, అడిగి వేయించుకోండి.

డబ్బు విషయంలో, అమ్మినవాడు సరిహద్దు అవతల ఆంధ్రాలో, పాతపట్నంలోనో ఇచ్ఛాపురంలోనో ఉన్నాడని వదిలేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, గడువు రెండేళ్ళు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి. పిల్లే ఇవ్వకుండా డబ్బు కాజేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. ఫోన్‌లో చాట్లు చెరపకండి. యూపీఐ రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్, కార్డు రెండు వైపులా ఫొటో, పిల్లని అందుకున్నప్పటి వీడియో, డాక్టరు చీటీ, పరీక్ష రిపోర్టు అన్నీ ఒకచోట పెట్టుకోండి. పిల్ల చనిపోతే పాతిపెట్టే ముందు పశువుల ఆసుపత్రిలో పోస్ట్‌మార్టం అడగండి. అప్పటిదాకా శవాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఐసు మీద ఉంచాలి, గడ్డకట్టించకూడదు.