లిక్విడ్ కూలర్ పేరుతో పాత స్టాకు అంటగడుతున్నారు: ఓవర్‌క్లాక్ సిస్టమ్ కొనేవాళ్లు జాగ్రత్త

ఓవర్‌క్లాక్ చేసిన (అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువలో నడిపే) కంప్యూటర్ సిస్టమ్ కొనబోతున్నవాళ్లు, ముఖ్యంగా ఎడిటింగ్, రెండరింగ్ పనుల కోసం లక్షల్లో పెడుతున్నవాళ్లు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. "ఓవర్‌క్లాక్ అంటే లిక్విడ్ కూలింగ్ ఉండాల్సిందే" అని షాపుల్లో చెప్పే మాట నిజం కాదు. లిక్విడ్ కూలర్ అంటే పంపుతో ద్రవాన్ని తిప్పి, ప్రాసెసర్ వేడిని రేడియేటర్ దాకా తీసుకెళ్లి బయటికి పంపేది. ఎయిర్ కూలర్ అంటే లోహపు రేకులు, ఫ్యాన్‌తో చల్లబరిచేది. ఆ మాట చెప్పి మా తమ్ముడికి ఎప్పటిదో పాత స్టాకు లిక్విడ్ కూలర్‌ను కొత్తదాని ధరకు అమ్మారు. అది పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత, బాగానే ఉన్న ప్రాసెసర్ పోయిందని చెప్పి ఇంకో ప్రాసెసర్ కూడా అమ్మబోయారు.

తమ్ముడు హనుమకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. 2023లో సికింద్రాబాద్‌లో ఒక షాపులో సిస్టమ్ కట్టించుకున్నాడు. ఇంటెల్ కోర్ ఐ7-13700కే ప్రాసెసర్, జెడ్790 మదర్‌బోర్డు. పెద్ద ఎయిర్ కూలర్ వేయమని వాడే అడిగాడు. "అన్నా, ఎయిర్ కూలర్ బరువుకు బోర్డు వంగిపోతది, ఓవర్‌క్లాక్‌కు అది ఆగదు, లిక్విడ్ తీస్కో, 5.5 గిగాహెర్ట్జ్‌లో నడిపి చూపిస్తా" అన్నారు షాపువాళ్లు. చూపించారు కూడా. 240 ఎంఎం రేడియేటర్ ఉన్న కూలర్ బిగించి, ఏసీ గదిలో టెస్ట్ పెట్టి, ఓ ఐదు నిమిషాలు నడిపి ఆపేశారు. ఉష్ణోగ్రత 80ల్లోనే ఉంది. అది చూసి ఎవరైనా సరే అంటారు.

ఆ ఐదు నిమిషాల టెస్ట్‌లోనే మోసం ఉంది, కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్తాను. పొయ్యి మీద గిన్నె పెట్టగానే నీళ్లు మరిగిపోవు. లిక్విడ్ కూలర్ లోపలి ద్రవం కూడా అంతే, నెమ్మదిగా వేడెక్కుతుంది. ప్రాసెసర్ ఇచ్చే వేడి, రేడియేటర్ బయటికి పంపే వేడి సమానమయ్యేదాకా ద్రవం ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంటుంది. ఆ స్థితికి రావడానికి పావుగంట, ఒక్కోసారి అరగంట పడుతుంది. ఎయిర్ కూలర్ అయితే కొన్ని నిమిషాల్లోనే తన అసలు స్థాయికి చేరిపోతుంది. అందుకే చిన్న టెస్ట్ పెడితే లిక్విడ్ ఎప్పుడూ గొప్పగా కనిపిస్తుంది. గంటన్నర ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) పెట్టుకునేవాడికి ఆ ఐదు నిమిషాల అంకె దేనికీ పనికిరాదు.

రెండోది గది. గాలితో చల్లబరిచినా, ద్రవంతో చల్లబరిచినా, ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి తేలేదు. గది కంటే ఎన్ని డిగ్రీలు పైన ఉంచగలదు అన్నదే దాని సత్తా. 25 డిగ్రీల ఏసీ గదిలో 87 చూపించిందంటే, గది కంటే 62 పైన ఉందని అర్థం. అదే సిస్టమ్‌ను మేడ మీద స్లాబు కింద ఉన్న గదిలో పెట్టి, మే నెల మధ్యాహ్నం లోపల 38 ఉంటే, లెక్క ప్రకారం సరిగ్గా 100 అవుతుంది. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు కూడా 100 డిగ్రీలే. అక్కడికి రాగానే అది తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. 5.5 కోసం డబ్బు కట్టి, అంతకంటే తక్కువ వేగంలో పని చేసుకోవాల్సి వస్తుంది.

పోనీ, అంతవరకైతే వేసవి ఇబ్బంది అని సరిపెట్టుకునేవాళ్లం. ఏడాది దాటాక పంపు దగ్గర గుడగుడమని శబ్దం మొదలైంది. షాపుకు ఫోన్ చేస్తే "లిక్విడ్ కదా, కామన్" అన్నారు. ఆ తర్వాత ఒకరోజు సిస్టమ్ ఆన్ చేసి ఏ పనీ మొదలుపెట్టకుండానే 70 దాటింది. ఎక్స్‌పోర్ట్ పెట్టగానే 100. టైమ్‌లైన్ కదలదు, ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోతుంది. అవతల పెళ్లివాళ్లు వీడియో ఎప్పుడిస్తావని రోజూ ఫోన్లు. అడ్వాన్సు తీసుకున్నవాడికి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

షాపుకు తీసుకెళ్తే తెరిచి చూడకుండానే, 13వ తరం ప్రాసెసర్లలో సమస్య ఉంది, మీది పోయింది, కొత్తది తీసుకోండి అన్నారు. ఈ మాటలో సగం నిజం ఉంది కాబట్టే నమ్మబుద్ధవుతుంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ ఎక్కువగా వెళ్లి చిప్పు క్రమంగా దెబ్బతినే సమస్య నిజంగానే ఉంది. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ దానికి మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రాం) మార్పులు ఇచ్చింది, వారంటీని మరో 2 ఏళ్లు పెంచింది. ఆ ప్రాసెసర్లు ఉన్నవాళ్లు బయాస్ (ఆ మార్పులు వచ్చే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించుకోకపోతే వెంటనే చేయించండి. కానీ ఆ సమస్య వస్తే కనిపించేది క్రాష్‌లు, ఎర్రర్లు. ఆన్ చేయగానే 70 డిగ్రీలు చూపించడం దాని లక్షణం కాదు.

మాకు తెలిసిన ఒక టెక్నీషియన్ ఒక్క నిమిషంలో తేల్చాడు. ప్రాసెసర్ 100 చూపిస్తుండగా రేడియేటర్ మీద చెయ్యి పెట్టమన్నాడు. చల్లగా ఉంది. పంపు దగ్గర కాలిపోతోంది, రేడియేటర్ దాకా వేడే రావడం లేదు. అంటే లోపల ద్రవం తిరగడం లేదు, పంపు పనిచేయడం లేదు. అతనే రెండు టవర్ల (రెండు రేకుల దొంతరలున్న) ఎయిర్ కూలర్ ఒకటి తెచ్చి బిగించాడు. పోయిందన్న ప్రాసెసర్ ఆ రాత్రే ఎక్స్‌పోర్ట్‌లు పూర్తి చేసింది. ఇప్పటికీ నడుస్తోంది. మీలో ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే, కొత్త ప్రాసెసర్‌కు డబ్బు ఇచ్చే ముందు ఈ చెయ్యి పరీక్ష చేయండి.

కూలర్ విప్పాక అసలు సంగతులు బయటపడ్డాయి. దాని పెట్టెలో ఎల్‌జీఏ 1700 సాకెట్‌కు (బోర్డు మీద తమ్ముడి ప్రాసెసర్ కూర్చునే చోటు) కావలసిన బ్రాకెట్, అంటే కూలర్‌ను బిగించే పట్టీ, లేదు, షాపువాళ్లు విడిగా తెచ్చి వేశారు. ఆ సాకెట్ 12వ తరం ప్రాసెసర్లతో 2021 నవంబరులో వచ్చింది. బోర్డు మీద కూలర్ రంధ్రాల మధ్య దూరం అంతకుముందు 75 ఎంఎం, దీనికి 78 ఎంఎం. అందుకే పాత బ్రాకెట్లు సరిపోవు. పెట్టెలో ఆ బ్రాకెట్ లేదంటే, కూలర్ ఆ సాకెట్ రాకముందు తయారైందన్నమాట. సీరియల్ నంబరుతో చూస్తే తేదీ కూడా అదే చెప్పింది. లిక్విడ్ కూలర్లో ద్రవం రబ్బరు ట్యూబుల గుండా చాలా నెమ్మదిగా ఆవిరైపోతుంటుంది. వాడినా, పెట్టెలో ఉంచినా అది ఆగదు. పోయినంత ద్రవం స్థానంలోకి గాలి చేరుతుంది. వీటిలో చాలావాటికి మళ్లీ నింపుకునే దారి కూడా ఉండదు. అలాంటి వస్తువును పాత స్టాకు అని చెప్పకుండా అమ్మడం అన్యాయం.

దానికి తోడు బిగించిన పద్ధతి. పైన ర్యామ్ అడ్డం వస్తోందని రేడియేటర్‌ను క్యాబినెట్ అడుగున పెట్టారు. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది. రేడియేటర్ కింద, పంపు పైన ఉంటే లోపలి గాలంతా పంపులోనే కూర్చుంటుంది. మేము విన్న గుడగుడ అదే. పంపు గాలితో తిరిగి తిరిగి అరిగిపోతుంది. రేడియేటర్ క్యాబినెట్ పైకప్పుకు ఉండాలి, లేదా ముందు వైపు నిలువుగా పెట్టి దాని పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. రోజూ ఇదే పని చేసే షాపువాళ్లకు ఇది తెలియదంటే నేను ఒప్పుకోను.

వారంటీ అడిగితే, కంపెనీ సర్వీసువాళ్లు బిల్లు చూసి కుదరదన్నారు. బిల్లులో "కూలర్" అని ఒక్క మాటే ఉంది. మోడల్ లేదు, సీరియల్ నంబరు లేదు. షాపును కొత్త బిల్లు అడిగితే ఇవ్వలేదు.

ఇక ఏది కొనాలి అన్నది. లిక్విడ్ పనికిరాదని నేను చెప్పడం లేదు. మంచి రెండు టవర్ల ఎయిర్ కూలర్ 240 ఎంఎం లిక్విడ్‌తో ఇంచుమించు సమానంగా చల్లబరుస్తుంది, ధర చాలాసార్లు సగమే. 120 ఎంఎం లిక్విడ్ అయితే దాని దరిదాపుల్లోకి కూడా రాదు, దాన్ని ఓవర్‌క్లాక్‌కు అసలు తీసుకోవద్దు. 250 వాట్లు దాటించి గంటల తరబడి నడిపేవాళ్లకే 360 ఎంఎం లిక్విడ్ నిజంగా తేడా చూపిస్తుంది. 13700కే, 14900కే లాంటి వాటికి మామూలు సెట్టింగుల్లోనే ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ పరిమితి 253 వాట్లు. ఓవర్‌క్లాక్ చేస్తే ఇంకా పైకి వెళ్తుంది. వోల్టేజ్ 10 శాతం పెంచితే ఆ ఒక్కదానికే వేడి దాదాపు 21 శాతం పెరుగుతుంది, వేగం పెంచినందుకు వచ్చేది దాని మీద అదనం. ఆ చివరి 100 మెగాహెర్ట్జ్ కోసం షాపువాళ్లు వోల్టేజ్ గట్టిగా పెంచేస్తారు. ఎడిటింగ్‌లో దానివల్ల కలిసొచ్చేది చాలా తక్కువ.

ఏఎండీ తీసుకునేవాళ్లకూ ఒక మాట. రైజెన్ 7 7800ఎక్స్3డీకి 360 ఎంఎం కూలర్ తప్పనిసరి అని చెప్తున్నారు. దానికి మల్టిప్లయర్ (వేగాన్ని పెంచే సెట్టింగు) లాక్ అయి ఉంటుంది, మామూలు పద్ధతిలో ఓవర్‌క్లాక్ కాదు. గేమ్స్‌లో 100 వాట్లు కూడా తీసుకోదు. సాధారణ ఎయిర్ కూలర్ సరిపోతుంది. రైజెన్ 9 7950ఎక్స్ లాంటివి పూర్తి లోడ్‌లో 95 డిగ్రీలకు వెళ్లేలాగే తయారుచేశారు, ఆ అంకె చూసి భయపడి ఖరీదైన కూలర్ కొనకండి.

ఎయిర్ కూలర్ బరువు మాట పూర్తిగా అబద్ధం కాదు. నాక్చువా ఎన్‌హెచ్-డీ15 ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోలు ఉంటుంది. బోర్డు వెనక ప్లేటు సరిగ్గా బిగిస్తే టేబుల్ మీద ఉన్నన్నాళ్లు ఏమీ కాదు. బస్సులోనో కారులోనో ఊరికి తీసుకెళ్లేటప్పుడు మాత్రం కూలర్ విప్పి తీసుకెళ్లండి, లేదంటే క్యాబినెట్‌ను బోర్డు కిందికి ఉండేలా పడుకోబెట్టండి. ఎత్తు కూడా ముందే చూసుకోవాలి. డీ15 165 ఎంఎం, డీప్‌కూల్ ఏకే620 160 ఎంఎం. మీ క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో దాని స్పెసిఫికేషన్లలో ఉంటుంది. ఎయిర్ కూలర్లో నాకు నచ్చేది ఏమిటంటే, అందులో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే. అది పోయినా మామూలు 120 ఎంఎం ఫ్యాన్ తెచ్చి పెట్టుకుని ఆ పూటే పని మొదలుపెట్టొచ్చు. బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే భాగాలకు కూడా దాని గాలి తగులుతుంది.

ఏది తీసుకున్నా, టెస్ట్ కనీసం అరగంట మీ ఎదురుగా నడపమనండి, ఆ గది ఉష్ణోగ్రత రాసుకోండి, మీ గదికీ దానికీ తేడా కలుపుకోండి. లిక్విడ్ అయితే సీల్ మీ ముందే తీయించి తయారీ తేదీ చూడండి. జీఎస్టీ బిల్లులో కూలర్ మోడల్, సీరియల్ నంబరు పడేదాకా డబ్బు కట్టొద్దు.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్లు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు వేయొచ్చు. వస్తువుకు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, 2 ఏళ్లలోపు వేయాలి. మేము 1915లో ఫిర్యాదు చేశాం. ఆ బిల్లు, లోపల బ్రాకెట్ లేని పెట్టె, రేడియేటర్ అడుగున ఉన్నప్పటి ఫోటోలు అన్నీ దాచి ఉంచాం. మీ పెట్టెలు కూడా పారేయకండి.