జెరూసలేంలో టూర్ వాళ్లు చూపించని పేట

2023 మార్చిలో గుంటూరు నుంచి ఒక ట్రావెల్స్ బృందంతో జెరూసలేం యాత్రకు వెళ్లాం. అత్తయ్య, మా ఆయన, నేను. తలకు 1,35,000 రూపాయలు. బెత్లెహేము, గలిలయ సముద్రం, యొర్దాను నది అన్నీ అనుకున్నట్టే చూశాం. నా కోపమంతా గైడు మీదే.

ఆలివ్ చెక్క బొమ్మల షాపులో మమ్మల్ని గంటన్నర కూర్చోబెట్టాడు. అక్కడ అత్తయ్య 140 డాలర్లు పెట్టి కొన్న, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మల సెట్టు, పాత నగరం సందులో 60 డాలర్లకే అమ్ముతున్నారు. కఠిన సంప్రదాయ యూదులు ఉండే మేయా షెయారిం పేట చూపించమని అడిగితే మాత్రం, "వాళ్లకు మతి లేదు, సొంత దేశాన్నే తిడతారు, వెళ్లకండి" అన్నాడు. అంత భక్తి ఉన్న యూదులు ఇజ్రాయెల్‌ను ఎందుకు తిడతారో ఒక్క ముక్క చెప్పలేదు. డబ్బు కట్టి వచ్చినవాళ్లకు అది చెప్పడం గైడు పని కాదా?

గురువారం సాయంత్రం ఖాళీ దొరికితే మేమే వెళ్లాం. అప్పుడు ట్రామ్ టికెట్టు 5.5 షెకెల్‌లు, మన డబ్బులో సుమారు 125 రూపాయలు. దావిద్కా స్టాప్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే చాలు. ఇది 1874లో పాత నగరం గోడల బయట కట్టుకున్న పేట. వీధి మొదట్లోనే పెద్ద బోర్డు: ఆడవాళ్లు నిండు చేతుల జాకెట్టు, పొడుగు లంగా వేసుకుని రావాలి, ప్యాంటు కుదరదు. నేను పొడుగు లంగాతోనే వెళ్లాను, అత్తయ్య చీర మీద శాలువా కప్పుకున్నారు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. గోడల నిండా పోస్టర్లు, ఒకదాని మీద ఒకటి అంటించి అట్టల్లా మందంగా అయ్యాయి. ఒక గోడ మీద నల్ల రంగుతో ఇంగ్లీషులో రాసి ఉంది: యూదుడు వేరు, జియోనిస్టు వేరు. జియోనిస్టు అంటే యూదులకు సొంత రాజ్యం ఉండాలనేవాడు.

పుస్తకాల కొట్టు పెద్దాయనకు ఇంగ్లీషు వచ్చు. నేను అడిగినా జవాబు మా ఆయన వైపు చూసే చెప్పాడు, పరాయి ఆడవాళ్లతో వాళ్ల పద్ధతి అది. నాకు మొదట చివుక్కుమంది, కానీ ఆయన ఓపికగా చెప్పాడు. యూదుల ధర్మగ్రంథం తల్ముద్‌లోని కెతుబోత్ భాగంలో మూడు ప్రమాణాల మాట ఉందట. యూదులు మూకుమ్మడిగా, బలప్రయోగంతో ఇజ్రాయెల్ దేశానికి వెళ్లకూడదు, ఇతర జాతుల మీద తిరుగుబాటు చేయకూడదు, ఆ జాతులు యూదులను మితిమీరి బాధపెట్టకూడదు. యూదులు దేశదేశాలకు చెదిరిపోవడం దేవుని తీర్పు కాబట్టి మళ్లీ రాజ్యం ఇచ్చేది మెస్సీయ అనే రక్షకుడు వచ్చే కాలంలో దేవుడేనని వాళ్ల నమ్మకం. సత్మార్ అనే సంప్రదాయ యూదు శాఖ గురువు యోయెల్ టైటెల్‌బామ్ 1961లో ఈ వాదన మీదే పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు.

అత్తయ్యకు ఇది అస్సలు మింగుడు పడలేదు. మా చర్చి సంఘంలో ఇజ్రాయెల్ అంటే దేవుని వాగ్దానం నెరవేరడమే. "మరి ఇది దేవుడిచ్చిన దేశం కాదా బాబూ?" అని అడగమన్నారు. ఆయన వెంటనే, "ఇచ్చేవాడు ఆయనైతే ఆయన ఇచ్చేదాకా ఆగాలి కదా" అన్నాడు. ఆ రాత్రి అత్తయ్య చాలాసేపు బైబిలు తిరగేశారు.

అయితే నల్ల కోటు వేసుకున్న ప్రతివాణ్నీ ఇదే గాట కట్టకూడదు. ఓట్లేసి పార్లమెంటులో కూర్చునే హరేదీ (కఠిన సంప్రదాయ యూదుల) పార్టీలూ ఉన్నాయి. అగుదాత్ ఇజ్రాయెల్ అనే హరేదీ పార్టీ జియోనిస్టులకు దగ్గరవుతోందని విడిపోయిన అమ్రామ్ బ్లావ్ వర్గం 1938లో నెతురే కార్తాగా ఏర్పడింది. అది చిన్న గుంపే. వాళ్లలో కొందరు 2006లో టెహ్రాన్‌లో, నాజీలు యూదులను చంపిన హోలోకాస్ట్‌ను శంకించే సభకు వెళ్లారు. సత్మార్ వాళ్లే దాన్ని ఖండించారు, నాకూ అది ఘోరంగానే అనిపించింది. కానీ ఆ ఒక్క సభను చూపించి అందరినీ పిచ్చివాళ్లనడం అన్యాయం.

జాఫా రోడ్డులోని పాత షారే జెదెక్ ఆసుపత్రి భవనం దగ్గర తప్పక ఆగండి. డచ్ కవి, న్యాయవాది యాకోబ్ ఇజ్రాయెల్ దె హాన్ జియోనిస్టుగానే ఇక్కడికొచ్చి, తర్వాత మారి హరేదీల తరఫున మాట్లాడాడు. 1924 జూన్ 30న ఆసుపత్రి ప్రార్థనా మందిరం నుంచి బయటికొస్తుంటే హగానా అనే జియోనిస్టు సాయుధ దళం వాళ్లు కాల్చి చంపారు. మా బస్సు ఆ రోడ్డు మీదే వెళ్లింది, గైడు మైకులో డిన్నర్ టైము చెప్పాడు.

తిండి విషయానికొస్తే, అక్కడి కుగెల్ తినకుండా రాకండి. సన్న నూడుల్స్‌లో మాడబెట్టిన చక్కెర పాకం, గుడ్లు, మిరియాలు వేసి రాత్రంతా బేక్ చేస్తారు. తీపి, కారం కలిసిన సేమ్యా ఉప్మాలా ఉంటుంది, పక్కన ఊరగాయ దోసకాయ. అప్పుడు ముక్క 12 షెకెల్‌లు. అక్కడిదాకా నడిపించానని ముఖం ముడుచుకున్న మా ఆయన రెండు ముక్కలు తిన్నాక మామూలు మనిషయ్యారు.

గురువారం సాయంత్రం గానీ శుక్రవారం పొద్దున గానీ వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం రాత్రి దాకా ట్రామ్ ఉండదు. శనివారం మరో చోటికి వెళ్లి వస్తుంటే టాక్సీవాడు మీటరు వేయనని పది నిమిషాల దారికి 120 షెకెల్‌లు లాగాడు. పేటలో మనుషులకు ఫోటోలు తీయకండి, గుంపుగా పోకండి, ముగ్గురు నలుగురైతే మంచిది.