ఇంటికొచ్చి రక్తం తీసే ‘ఇమ్యూనిటీ ప్యాకేజీ’: సూదికి ఐదు, స్కోరుకి సున్నా

తిరుపతిలో పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్‌లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదాని ‘ఇమ్యూనిటీ ప్యాకేజీ’ గురించి రాస్తున్నా. పేరు చెప్పను, ఈ సరుకు అమ్మేది వాళ్లొక్కరే కాదు కాబట్టి. బుక్ చేసింది బెంగళూరులో ఉండే మా తమ్ముడు, అమ్మ కోసం, ఆఫర్‌లో నాలుగు వేలకు కాస్త తక్కువకి. అమ్మకి చాలా ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాపు జబ్బు ఉంది, దానికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకుంటుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, గొడవంతా అక్కడే.

ముందు మంచి చెబుతా. బైరాగిపట్టెడలో మా సందు కనుక్కోవడానికి డెలివరీ వాళ్లే తిప్పలు పడతారు, ఆ పిల్లోడు ఏడు కాకముందే తలుపు కొట్టాడు. అమ్మ వేళ్లు కణుపుల దగ్గర వాచి ఉంటాయి, పిడికిలి బిగించమంటే బిగించలేదు. “మెల్లగా నాయనా, వేళ్లు ముడిస్తే నొస్తాది” అంది. “ముడవద్దులేమ్మా, చెయ్యి కిందికి వదిలెయ్ చాలు” అని కాసేపు ఆగి, నరం తడిమి చూసుకుని, ఒక్క పోటుతో తీసేశాడు. ఊదా రంగు మూత ట్యూబుని గిలక్కొట్టకుండా నిదానంగా తలకిందులు చేసి, పేరూ వయసూ మా ఎదురుగానే రాశాడు. పని తెలిసినవాడు.

తర్వాత మొదలైంది. ట్యూబులన్నీ ఒకే ఐస్ బాక్స్‌లోకి వెళ్లాయి. ఈ ప్యాకేజీలో డబ్బులు ఎక్కువ పడేది లింఫోసైట్ల (రోగాలతో పోరాడే ఒక జాతి తెల్ల రక్తకణాలు) రకాలు లెక్కపెట్టే పరీక్షకి, దాన్ని ఫ్లో సైటోమీటర్ అనే మెషీన్ మీద చేస్తారు. రక్తంలో రంగు వెలుగునిచ్చే యాంటీబాడీలు కలుపుతారు, అవి కణాల మీదుండే గుర్తులకి అతుక్కుంటాయి, ఆ కణాల్ని ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి పంపితే ఏది ఏమిటో తెలుస్తుంది: సీడీ3 ఉంటే టీ కణం, దానికి తోడు సీడీ4 ఉంటే సహాయక కణం, సీడీ8 ఉంటే చంపే కణం, సీడీ19 ఉంటే బీ కణం. ఈ పరీక్షకి వెళ్లే రక్తం గది ఉష్ణోగ్రతలో ఉండాలి, ఐస్ మీద పెట్టకూడదు, ఒకటి రెండు రోజుల్లో మెషీన్ ఎక్కాలి. మన ఊరి మే నెల ఎండలో గది ఉష్ణోగ్రత కాపాడటమూ కష్టమే, దానికి వేరే సంచి ఉండాలి. అడిగితే “మాకిచ్చిందే ఒక బాక్స్ అన్నా” అన్నాడు. వాణ్ని ఏమంటాం, కంపెనీ ఇవ్వలేదు.

రిపోర్టు చెప్పిన రోజుకి రాలేదు, ఫోన్ల మీద ఫోన్లు చేస్తే వచ్చింది. రంగురంగుల పేజీలు, మొదటి పేజీలో ఎరుపు నుంచి పచ్చ దాకా ఒక మీటర్ బొమ్మ, ముల్లు పసుపులో. ఇమ్యూనిటీ స్కోరు వందకి 58. కింద: “మీ ఇమ్యూనిటీ తక్కువగా ఉంది, పెంచుకోండి.” ఆ 58 ఎలా వచ్చిందో రిపోర్టులో ఎక్కడా లేదు. కస్టమర్ కేర్‌లో అడిగితే “సిస్టమ్ ఇస్తుంది సార్” అన్నారు.

ఎవరికి పెంచుకోమంటున్నారు? అమ్మ జబ్బే రోగనిరోధక కణాలు సొంత కీళ్ల మీద పడటం, వేసుకునే మాత్ర వాటిని అదుపులో పెట్టడానికి. ఈ జబ్బులో కణాలు చేసే పని మనకి అర్థమైంది ఇలాంటి మీటర్లతో కాదు. 1980ల్లో లండన్‌లోని కెన్నెడీ ఇన్‌స్టిట్యూట్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ (మైనీ పుట్టింది మన దేశంలోనే, లూధియానాలో) బృందం రోగుల కీళ్ల లోపలి పొరలోని కణాలు తీసి పెంచి చూసింది. అక్కడ రకరకాల వాపు సంకేతాలు కనిపించాయి, కానీ టీఎన్ఎఫ్ అనే ఒక్కదాన్ని యాంటీబాడీతో అడ్డుకుంటే మిగతావి కూడా తగ్గుముఖం పట్టాయి. 1992లో రోగులకి ఇచ్చి చూశారు, వాపులు తగ్గాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఈ దారిలో వచ్చినవే, ఇద్దరికీ 2003లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది. ఇంకో సంగతి, ఈ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు ఒంట్లో టీబీ దాగి ఉందేమో పరీక్ష చేస్తారు, ఎందుకంటే కీళ్లని తినేసే ఆ టీఎన్ఎఫే టీబీ క్రిముల్ని ఒకచోట కట్టడి చేసి ఉంచడానికీ కావాలి. ఒకే పదార్థం ఒకచోట కీడు, ఒకచోట కాపలా. ముల్లు ఎటు తిప్పుతారు చెప్పండి?

టీ కణాల సంఖ్య సంగతీ అంతే. జపాన్‌లో షిమోన్ సకగుచి 1995లో చూపించాడు, టీ కణాల్లోనే మిగతా టీ కణాల్ని ఆపే రకం ఒకటి ఉంది, అది లేకపోతే ఎలుకల్లో సొంత అవయవాల మీదే దాడి మొదలవుతుంది. 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పీ3 అనే జన్యువుని పట్టుకున్నారు, ఆ నిలువరించే కణాలు తయారవడానికి అదే కీలకమని తర్వాత తేలింది. ముగ్గురికీ 2025లో నోబెల్ ఇచ్చారు. ఈ కణాలు సీడీ4 లెక్కలోనే కలిసిపోయి ఉంటాయి. అమ్మ రిపోర్టులో సీడీ4 సంఖ్య ఒకటి ఉంది, అందులో దాడి చేసేవెన్ని, ఆపేవెన్ని అంటే జవాబు లేదు. గరుడ సేవ రోజు మాడ వీధుల్లో తలలు లెక్కపెట్టి, వీళ్లలో భక్తులెందరు, పోలీసులెందరు, జేబుదొంగలెందరు అని చెప్పకుండా ‘భద్రత 58’ అన్నట్టుంది. పైగా ఒంట్లో ఉన్న లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి దాదాపు 2 శాతమే, మిగతావి లింఫు గ్రంథులు, ప్లీహం, పేగులు, ఎముక మజ్జలో ఉంటాయి. అమ్మ గొడవ జరిగేది వేళ్ల కణుపుల్లో.

పరీక్షనే తిట్టడం లేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి సీడీ4 సంఖ్య చాలా ముఖ్యం, 200 కంటే తగ్గితే కొన్ని ఇన్‌ఫెక్షన్లు రాకుండా ముందే మందులు ఇస్తారు. అక్కడ డాక్టరు ఒక ప్రశ్నతో పరీక్ష రాస్తాడు. ఇక్కడ ప్రశ్న లేకుండానే జవాబు అమ్ముతున్నారు.

ఆ తర్వాత అమ్మకం ఫోన్లు. స్కోరు పెంచే పొడి ఉందట, తిప్పతీగ, అశ్వగంధ కలిపిందట, ప్యాకేజీ తీసుకున్నవాళ్లకి తగ్గింపట. అమ్మ ఏ మందు వాడుతోందో ఒక్కరూ అడగలేదు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి లివర్ పరీక్షలు ఎప్పటికప్పుడు చేయిస్తూ ఉండాలి. తిప్పతీగ తీసుకున్న కొందరికి లివర్ దెబ్బతిందని 2021లో ముంబై డాక్టర్లు రాశారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఎవరిది రైటో వాళ్లు తేల్చుకోనీ, అమ్మ లివర్ మీద ప్రయోగం నాకక్కర్లేదు. నంబర్ బ్లాక్ చేశా, ఇంకో నంబర్ నుంచి చేశారు.

రిపోర్టు మా రుమటాలజీ డాక్టరమ్మకి చూపిస్తే మీటర్ పేజీ తిప్పేసింది. అమ్మ వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ నొక్కి చూసి, “పొద్దున లేచాక చేతులు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయమ్మా?” అని అడిగింది. ఆ కట్టలో ఆమెకి పనికొచ్చింది మామూలు రక్త పరీక్ష ఒక్కటే. సీఆర్‌పీ, ఈఎస్ఆర్ (రెండూ ఒంట్లో వాపు ఎంతుందో చెప్పేవి), లివర్ పరీక్ష కావాలంది, అంత పెద్ద ప్యాకేజీలో ఆ మూడూ లేవు! తమ్ముడికి చెబితే “రివ్యూలు బాగున్నాయి కదరా అన్నా” అంటాడు. అందుకే ఇది రాస్తున్నా.

రక్తం తీసిన పిల్లోడికి ఐదు నక్షత్రాలు, ప్యాకేజీకి ఒకటి, అదీ సున్నా పెట్టనివ్వరు కాబట్టి. ఇంట్లో పెద్దవాళ్లు కదల్లేకపోతే ఇదే ల్యాబ్‌కి ఫోన్ చేసి, డాక్టరు చీటీ వాట్సాప్‌లో పెట్టి, విడి పరీక్షలు మాత్రం అడగండి. యాప్‌లో ఆ దారి కనిపించదు, ఫోన్‌లో ముందు కాస్త నసుగుతారు, తర్వాత ఒప్పుకుంటారు. ఇంటికొచ్చే చార్జీ వేరే పడుతుంది, అయినా ప్యాకేజీలో సగం కూడా కాదు. ఈఎస్ఆర్ ఉంటే మాత్రం రక్తం కొన్ని గంటల్లోనే ల్యాబ్‌కి చేరాలి, కాబట్టి ఆ రోజు రూట్‌లో మీ ఇల్లు చివర్లో పెట్టమని చెప్పండి.