గోల్డ్‌ఫించ్ ఫీడర్లు: ప్లాస్టిక్ గొట్టమా, స్టీలు జాలీయా, గుడ్డ సాక్సా?

న్యూజెర్సీ రాష్ట్ర పక్షి గోల్డ్‌ఫించ్ అనే చిన్న పసుపు పిట్ట. దాన్ని పెరట్లోకి రప్పించాలని ఫీడర్ (గింజలు నింపి వేలాడదీసే గొట్టం లాంటిది) కొని, నెలైనా ఒక్క పిట్టా వాలలేదని చాలామంది తీసి పక్కన పడేస్తుంటారు. చాలాసార్లు తప్పు ఫీడర్‌ది కాదు, గింజలది.

గోల్డ్‌ఫించ్‌కు వేసే గింజల సంచి మీద 'నైజర్' అని ఉండేవి మన వలిసెలే. అరకు లోయ కొండవాలుల్ని పసుపు పూలతో నింపే పంట అదే. అమెరికాకు వచ్చే గింజల్ని మొలకెత్తకుండా వేడి చేస్తారు కాబట్టి కింద రాలినా కలుపు భయం ఉండదు. కానీ గింజ సన్నం, పొట్టు పలచన, తొందరగా ఎండిపోతుంది. ఎండిన గింజను గోల్డ్‌ఫించ్ ముట్టదు. నాలుగు గింజలు తెల్లకాగితం మీద వేసి గోటితో నలపండి. నూనె మరక పడితే మంచివి, పొడి రాలితే పారేయండి. పెద్ద సంచి చవగ్గా వస్తుందని కొనకండి, నెలా రెండు నెలల్లో అయిపోయేంతే తెచ్చుకోండి.

ఇక ఫీడర్లు. ప్లాస్టిక్ గొట్టానికి సన్నని చీలికలుంటాయి, పెద్ద ముక్కు పిట్టలకు గింజ అందదు. దాని లోపం అడుగున ఉంది: ఆఖరి చీలిక కిందున్న గింజలు ఎవరికీ అందవు, వాన నీరు దిగి ముద్దకట్టి బూజు పడతాయి. అడుగు ఊడదీసి కడిగే రకమైతేనే కొనండి. గుడ్డ సాక్సు చవక, పిట్టలు ఇష్టంగానే వేలాడతాయి, కానీ ఉడుతలు చింపేస్తాయి, సరిగ్గా కడగలేం. పిట్టలు వస్తాయో రావో చూడటానికి ఓ నెల వాడుకోవచ్చు, అంతే.

మా ఓటు స్టీలు జాలీ గొట్టానికి. ఎక్కడైనా పట్టుకుని వేలాడొచ్చు, గాలి ఆడుతుంది, తడిసినా త్వరగా ఆరుతుంది. పైన వెడల్పాటి గొడుగు మూత మాత్రం తప్పనిసరి. మొదట్లో మూడో వంతే నింపండి. పాత గింజల మీదే కొత్తవి పోయకండి.

కింద నల్లటి పొట్టు కుప్ప కనిపిస్తే గింజలు పారబోస్తున్నాయనుకోకండి. గోల్డ్‌ఫించ్ గింజను ముక్కులో అటూ ఇటూ దొర్లించి, పప్పు మింగి పొట్టు వదిలేస్తుంది. శీతాకాలంలో పిట్టలు వెళ్లిపోయాయనీ అనుకోవద్దు. మగవాటి పసుపు ఈకలు శరత్తులో రాలి మట్టిరంగువి వస్తాయి, ఫీడర్ దగ్గర కనిపించే మట్టిరంగు పిట్టలు అవే.

ఫీడర్‌ను కిటికీకి 3 అడుగుల లోపైనా, 30 అడుగుల అవతలైనా కట్టండి. మధ్య దూరంలో కడితే వేగంగా ఎగిరి అద్దానికి గుద్దుకుంటాయి. రెండు వారాలకోసారి ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఆరాకే గింజలు నింపండి. కళ్లు వాచి, పుసికట్టిన పిట్ట కనిపించిందంటే ఆ రోజే ఫీడర్ దించేయండి. అది అంటురోగం, వాలినచోటల్లా మిగతావాటికి పాకుతుంది.