సంతకాలయ్యాక అడిగిన 29 వేలు: అయిదేళ్ల తర్వాత నా లెక్క

మా కారుకు అయిదేళ్లు నిండాయి. 1200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏపీ 39 నంబరు, అరవై వేల కిలోమీటర్లు దాటింది. బండి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాలకొల్లు నుంచి రాజమండ్రి దాకా ఏసీ వేసుకుని వెళ్తే లీటరుకు పదిహేడు, పద్దెనిమిది ఇస్తుంది. కాలవ గట్ల మీద గుంతల్లో మాత్రం వెనక కూర్చున్నవాళ్ల నడుములు పట్టేస్తాయి. యానాం వైపు వెళ్తే ట్యాంకు నింపుకొస్తాం, అక్కడ పెట్రోలు మనకంటే చవక. అంతే.

నేను రాయాలనుకున్నది దాన్ని కొన్న తీరు గురించి. బుకింగ్ ఫారం మీద సంతకాలు అయ్యాక, డెలివరీకి ముందు, షోరూమ్ వాళ్లు ఇంకో 29 వేలు అడిగారు. అందులో ఏది న్యాయం, ఏది కాదు, నేను కట్టనన్న వాటివల్ల ఈ అయిదేళ్లలో నాకేమైనా పోయిందా అన్నదే ఈ సమీక్ష. షోరూమ్ పేరు, కంపెనీ పేరు రాయడం లేదు.

మేము బుక్ చేసింది 2020 డిసెంబరు మొదట్లో. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పడుతుంది. ఆ నెలలో కొత్త బండి ఇంటికి తేవడానికి మా నాన్నగారు ససేమిరా అన్నారు. మనవైపు చాలా ఇళ్లలో ఇంతే, భోగి వెళ్లాకే ఏదైనా. ఆ సంగతి షోరూమ్ వాళ్లకు మనకంటే బాగా తెలుసు. మరోవైపు చాలా కార్ల కంపెనీలు ఏటా జనవరిలో ధర పెంచడం ఆనవాయితీ. డిసెంబరులో బుక్ చేసి సంక్రాంతికి డెలివరీ అన్నామంటే, ధర పెరిగే తేదీని మధ్యలో పెట్టుకున్నట్టే. పైగా పండక్కి కూతుళ్లు, అల్లుళ్లు, చుట్టాలంతా దిగుతారు, కొత్త బండి గుమ్మం ముందు ఉండాలి. బేరమాడే ఓపిక ఎవరికుంటుంది?

సరిగ్గా పండగ ముందు రోజు సాయంత్రం సేల్స్ కుర్రాడు ఫోన్ చేశాడు.

"సార్, బండి రెడీ అండి. చిన్న డిఫరెన్స్ వచ్చిందండి, ఇరవై తొమ్మిది దాకా. వచ్చేటప్పుడు క్యాష్ తెచ్చుకుంటే సరిపోతుందండి."

"దేనికి బాబూ?"

"జనవరి రేటండి, హ్యాండ్లింగ్ అండి, కిట్ అండి."

"అయితే ఒక్కోటి ఎంతో విడివిడిగా రాసి, షోరూమ్ ముద్ర వేసి వాట్సాప్‌లో పెట్టు. చూసి మాట్లాడతాను."

మాది ఎరువుల కొట్టు. బస్తా మీద వేసిన ధర కంటే రూపాయి ఎక్కువ తీసుకున్నా మమ్మల్ని నిలదీసే రైతులున్నారు, వ్యవసాయ శాఖ ఉంది. అందుకే బిల్లు లేని డబ్బు అంటే నాకు మొదటి నుంచీ పడదు. ఆ కాగితం రావడానికి రెండు గంటలు పట్టింది. వచ్చాక చూస్తే ధర పెంపు 12,000, దాని మీద లైఫ్ టాక్స్ 1,440, హ్యాండ్లింగ్ చార్జీలు 6,500, యాక్సెసరీస్ కిట్ 9,000. మొత్తం 28,940. ముద్ర మాత్రం లేదు.

మా నాన్నగారు "పోనీలేరా, పండగ పూట గొడవెందుకు" అన్నారు. గొడవ పడక్కర్లేదు, ఆ నాలుగు అంకెలూ ఒక జాతివి కావని చూస్తే చాలు.

లైఫ్ టాక్స్ ప్రభుత్వానిది. అప్పట్లో పది లక్షల లోపు కారుకు 12 శాతం. ఇన్వాయిస్ ధర 12 వేలు పెరిగితే టాక్సు 1,440 పెరుగుతుంది, దానికి షోరూమ్ వాళ్లు ఏమీ చేయలేరు. హ్యాండ్లింగ్ సంగతి వేరు. మోటారు వాహన చట్టంలో అలాంటి ఫీజు ఎక్కడా లేదు. బండిని ఫ్యాక్టరీ నుంచి షోరూమ్ దాకా తెచ్చే ఖర్చు ఎక్స్‌షోరూమ్ ధరలోనే కలిసి ఉంటుంది. ఇక స్టాక్‌యార్డు నుంచి షోరూమ్‌కి నడిపి, కడిగి, రిబ్బను కట్టడానికి 6,500 ఏమిటి? కిట్ నేను అడిగింది కాదు, బుకింగ్ ఫారంలో ఉన్నదీ కాదు. ఈ రెండూ కొట్టేయమన్నాను. హ్యాండ్లింగ్‌కు పన్ను బిల్లు ఇస్తారా అని అడిగితే కుర్రాడు నీళ్లు నమిలాడు.

రిజిస్ట్రేషన్ పేరుతో మొదటి కొటేషన్‌లో అయిదు వేలు వేశారు. కారుకు ప్రభుత్వ ఫీజు 600, లోన్ ఉంటే హైపోథెకేషన్‌కు, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందని ఆర్‌సీలో రాయడానికి, ఇంకో 1,500, ఆ పైన కార్డు ఖర్చు. మిగతాది వాళ్ల మనిషి ఆఫీసు చుట్టూ తిరిగినందుకు. అది ఎక్కువే. కానీ సంతకానికి ముందే రాసి ఉంది, నేను చూసి ఒప్పుకున్నాను, కాబట్టి దాని జోలికి పోలేదు.

అసలు చిక్కు ధర పెంపుతోనే. ఫారం వెనక సన్నటి అక్షరాల్లో "డెలివరీ నాటి ధరే వర్తిస్తుంది" అన్న అర్థంలో ఒక లైను ఉంటుంది. దాదాపు అన్ని కంపెనీల ఫారాల్లోనూ ఉంటుంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి కూర్చుంటే మేనేజర్ గారు ఆ లైను కింద పెన్నుతో గీత గీసి చూపించారు.

"నిజమేనండి, నేనూ చదివాను. బండి ఏ నెలలో తయారైంది?" అన్నాను.

ఆయన కంప్యూటర్ చూసి "నవంబర్ అండి" అన్నారు.

"అంటే ఆర్‌సీలో తయారీ 2020 అని పడుతుంది. రేపు నేను అమ్ముకుంటే కొనేవాడు 2020 బండి రేటే ఇస్తాడు. మీరేమో నా దగ్గర 2021 రేటు తీసుకుంటానంటున్నారు. ఆ రేటే కావాలంటే జనవరిలో తయారైన బండి ఇవ్వండి, సంక్రాంతి కాకపోతే రథసప్తమికి తీసుకెళ్తాను."

ఇది ఉత్తి బెదిరింపు కాదు, నిజంగానే ఆగడానికి సిద్ధపడి వెళ్లాను. పాత సంవత్సరం బండి స్టాకులో మిగిలితే దాన్ని వదిలించుకోవడం వాళ్లకు ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. ఇంకోటి, నా వాటా డబ్బు లక్షన్నర ఇంకా నా ఖాతాలోనే ఉంది, బ్యాంకు లోన్ డబ్బూ విడుదల కాలేదు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. మొత్తం ముందే కట్టేస్తే తర్వాత అడిగింది ఇవ్వక చస్తామా? లోన్ కొటేషన్‌లో ఉన్న ధరకే మంజూరవుతుంది కాబట్టి, పెంచిన ప్రతి రూపాయీ మన జేబు నుంచే పోవాలి. క్యాష్ తెమ్మనేది అందుకే.

మేనేజర్ గారు లోపలికి వెళ్లొచ్చి, ఇన్సూరెన్స్ మా దగ్గరే ఉంచితే 12 వేలు డిస్కౌంట్ కింద తగ్గిస్తాం అన్నారు. ఇన్సూరెన్స్ డీలరు దగ్గరే కొనాలన్న నిబంధన ఏమీ లేదు, బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలే చెబుతున్నాయి. వాళ్ల పాలసీ 33 వేలు, అదే కవరేజీ బయట 27 వేలు. ఎదుటివాళ్ల నష్టం కోసం కట్టే మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం మా సీసీకి అప్పట్లో 9,534, దాని మీద జీఎస్‌టీ. అది ఎక్కడ కొన్నా ఒకటే, తేడా అంతా మన బండి నష్టానికి కట్టే మిగతా భాగంలోనే. ఆరు వేలు ఎక్కువిచ్చి 12 వేలు తగ్గించుకోవడం నాకు నష్టం కాదనిపించి సరే అన్నాను. ఇన్వాయిస్‌లో కొత్త ధర, దాని కింద డిస్కౌంట్ లైను, రెండూ వేయించాను. టాక్స్ 1,440 కట్టాను. హ్యాండ్లింగ్, కిట్ పోయాయి. బాకీ మొత్తం షోరూమ్ బ్యాంకు ఖాతాకే నెఫ్ట్ చేసి, రసీదు చేతికొచ్చాకే తాళం తీసుకున్నాను. మధ్యాహ్నానికి బండి ఇంటికొచ్చింది.

ఇక అయిదేళ్ల సంగతి.

కిట్‌లో ఉన్నవి మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, బాడీ కవరు, కింద భాగానికి తుప్పు పట్టకుండా అండర్ కోటింగ్. మొదటి మూడూ భీమవరంలో బయట కొంటే మూడు వేలలోపే అయ్యాయి, మ్యాట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కోటింగ్ మాత్రం అవసరమే. మాది ఉప్పుగాలి తగిలే నేల. నరసాపురం, భీమవరం రోడ్లలో రొయ్యల లారీల వెనక పడితే ఐసు కరిగిన నీళ్లు రోడ్డంతా కారుతూనే ఉంటాయి, వానాకాలం చెరువు గట్ల మట్టి వేరే. మొదటి వర్షాకాలానికి ముందు తణుకులో ఒక మెకానిక్ చేత కోటింగ్ వేయించాను. మొన్న లిఫ్టు మీద ఎక్కించి చూస్తే కోటింగ్ ఉన్నచోట రేకు బాగానే ఉంది. సైలెన్సరు పైపు, దాని క్లాంపులు మాత్రం ఎర్రగా పొట్టు లేస్తున్నాయి. సముద్రం దగ్గర ఊళ్లలో ఉండేవాళ్లు ఈ ఒక్కటీ వదలొద్దు. షోరూమ్‌లో వేయించినా సరే, ధర విడిగా రాయించుకోండి.

ఇన్సూరెన్స్ రెండో ఏడు నుంచి బయట నుంచే. "మా దగ్గర తీసుకోకపోతే క్యాష్‌లెస్ రాదు", అంటే రిపేరు డబ్బు ముందు మనమే కట్టుకోవాలి అని షోరూమ్ వాళ్లు భయపెట్టారు, దానికీ పరీక్ష వచ్చింది. చించినాడ వంతెన దాటి రాజోలు దగ్గర మా అత్తగారింటికి వెళ్లి, దొడ్లో కొబ్బరిచెట్ల నీడ ఉంది కదా అని బండి పెట్టాం. గెలలోంచి ఒక ముదురు కాయ సరిగ్గా బానెట్ మధ్యలో పడింది. కోనసీమలో కార్లున్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, మా అత్తగారైతే అద్దం మీద పడలేదు సంతోషించండి అన్నారు. బయట కొన్న పాలసీతోనే అదే కంపెనీ వర్క్‌షాపులో క్యాష్‌లెస్‌గా పని జరిగింది. నా చేతి నుంచి పోయింది తప్పనిసరిగా కట్టాల్సిన వెయ్యి రూపాయలే. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 25 శాతానికి చేరిన నో క్లెయిమ్ బోనస్ పోయింది, ఆ బాధ వేరు.

డబ్బు దగ్గర పేచీ పెట్టుకుంటే సర్వీసులో కక్ష తీర్చుకుంటారేమోనని మా ఇంట్లో టెన్షన్ పడ్డారు. వారంటీ ఇచ్చేది కంపెనీ, షోరూమ్ కాదు. ఆ కంపెనీ అధీకృత సర్వీసు సెంటరు ఏ ఊళ్లో ఉన్నా ఉచిత సర్వీసులు చేయాల్సిందే. నేను కొన్నాళ్లు వేరే ఊళ్లో చేయించి, తర్వాత దగ్గరని మళ్లీ వీళ్ల దగ్గరికే వెళ్లాను. ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోలేదు. ఆ సేల్స్ కుర్రాడు అప్పటికే వేరే కంపెనీకి మారిపోయాడు.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు రసీదు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు, అయిదు నుంచి పది లక్షల కారుకు ఫీజు 200. రసీదు లేకుండా చేతిలో పెట్టిన క్యాష్‌కు మాత్రం ఎక్కడికెళ్లినా కష్టమే.

మొన్న 2025లో ఇదే ఆట తిరగబడింది. అమలాపురంలో ఉండే మా బావమరిది వినాయక చవితికి చిన్న కారు బుక్ చేశాడు, డెలివరీ దసరాకి. ఈ మధ్యలో సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద పన్ను సెస్సుతో కలిపి ఉన్న 29 శాతం నుంచి 18కి దిగింది. 6,45,000 ఉన్న బండి 5,90,000 కావాలి. డెలివరీ నాటి ధరే వర్తిస్తుందన్న ఆ సన్నటి లైను ఈసారి మావైపు పనిచేసింది, ఇన్వాయిస్ తేదీని బట్టే పన్ను కాబట్టి వాళ్లూ కాదనలేకపోయారు. కానీ బుకింగ్ నాడు చెప్పిన 30 వేల డిస్కౌంట్ ఇప్పుడు లేదన్నారు. నాకు ఫోన్ చేస్తే "ఫారం మీద రాశారా?" అని అడిగాను.

"లేదు బావా, నోటితో చెప్పారు."

అయినా వదలకుండా వెళ్లి రెండు గంటలు కూర్చుని, సీటు కవర్లు, ఒక ఏడాది అదనపు వారంటీ రాయించుకొచ్చాడు. హ్యాండ్లింగ్ కింద అడిగిన ఏడు వేలు మాత్రం కట్టలేదు.