16 మెగాపిక్సెళ్లు సరే, 12×18 అంగుళాల ప్రింటుకు నిలుస్తాయా?

ఈ కాంపాక్ట్ కెమెరా వాడకం మొదలై నాలుగేళ్లు దాటింది. 16 మెగాపిక్సెళ్లు, 20 రెట్ల జూమ్. మిగతావి పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వదిలేద్దాం. కొత్తలో అడిగినవాళ్లందరికీ "రాత్రి తీసినా ఫొటో శుభ్రంగా వస్తుంది, ఎక్కడా చుక్కలుండవు" అని చెప్పేవాణ్ని. ఆ మాట ఇప్పుడు కొంచెం సర్దుకోవాలి. ఆ శుభ్రమే దీని జబ్బు.

ఇందులో బొమ్మను పట్టే చిప్పు, అదే సెన్సరు, 1/2.3 అంగుళాల రకం. అంటే సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరుకంటే చిన్నది. అంత చోటులో కోటీ అరవై లక్షల పిక్సెళ్లు కిక్కిరిసి ఉంటే ఒక్కోదానికి దక్కే వెలుతురు ఎంత? వెలుతురు చాలనప్పుడు కెమెరా ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) పెంచుతుంది, దాంతో రంగు రంగుల చుక్కలు లేస్తాయి, వాటిని కెమెరాయే తుడిచేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఏది చుక్కో ఏది నూలు పోగో దానికి తెలీదు. రెంటినీ కలిపి తుడుస్తుంది. ఈ మోడల్‌లో ఆ తుడుపు ఆపే మెనూ లేదు, రా ఫైలూ (తుడవకముందు ఉన్న అసలు డేటా) ఇవ్వదు. నా కోపమంతా ఇక్కడే.

పొందూరు ఖద్దరు పంచె ఒకటి కిటికీ పక్కన పరిచి, కెమెరాను బల్ల మీద పెట్టి, 2 సెకన్ల టైమర్‌తో ఐఎస్ఓ 100లో ఒకటి, 800లో ఒకటి తీసి చూడండి. 100లో చేత్తో వడికిన నూలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉండటం కూడా తెలుస్తుంది, పడుగూ పేకా విడివిడిగా కనిపిస్తాయి. 800లో అదే పంచె మిల్లు పాప్లిన్ అయిపోతుంది, మడతల దగ్గర ఏకంగా ప్లాస్టిక్ షీటే. కానీ రంగు అంచు మాత్రం రెంటిలోనూ చాకులా ఉంటుంది. మోసం అక్కడుంది. నలుపు తెలుపుల్లా కొట్టొచ్చినట్టు తేడా ఉన్న గీతల్ని కెమెరా కాపాడుతుంది, మెత్తటి నేతను మింగేస్తుంది. మూడంగుళాల తెర మీద మనం చూసేది ఆ అంచునే.

ఇది ఖరీదుగా తెలిసింది విజయనగరం సిరిమానోత్సవం (పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర) ఫొటోతో. దసరా వెళ్లిన మంగళవారం, సాయంత్రం వెలుతురు తగ్గుతున్న వేళ. జూమ్ పూర్తిగా లాగితే లెన్సు ఎఫ్/3.3 నుంచి ఎఫ్/6కి పడిపోతుంది, అంటే లోపలికొచ్చే వెలుతురు మూడో వంతు కంటే తక్కువ. కదలిక ఆపడానికి షట్టర్ 1/250 సెకను కావాలి. ఆటోలో వదిలేసిన ఐఎస్ఓ 1600కి ఎక్కి కూర్చుంది. తెర మీద అద్భుతం. 4×6 ప్రింటూ బాగానే ఉంది. దాన్ని నమ్మి 12×18 వేయిస్తే పై పటారం లోన లొటారం. జనం మొహాల్లో కళ్లూ మీసాలూ ఉన్నాయి, బుగ్గలు మాత్రం మైనపు బొమ్మలవి. జుట్టు మొత్తం ఒకే నల్లటి ముద్ద. సిరిమాను మీదికి విసిరిన అరటిపండు గాల్లో పసుప్పచ్చగా స్పష్టంగా ఉంది, విసిరిన చేతికి వేళ్లు లేవు.

పైగా ఆ ప్రింటులో మాను కొస కూడా తెగింది. అది తుడుపు తప్పు కాదు, లెక్క తప్పు. కాంపాక్ట్ ఫొటో 4:3 కొలత, 12×18 కాగితం 3:2. 4608 × 3456 ఫైల్లో ల్యాబ్ యంత్రం పైన 192, కింద 192 వరుసలు కోసేస్తుంది. ప్రింటులో అది అటూ ఇటూ ముప్పావు అంగుళం. ల్యాబ్‌వాళ్లు ఓ మాట అడగాల్సింది, ఇచ్చేటప్పుడు నేనూ చూసుకోవాల్సింది. అప్పట్నుంచి ముందే 3:2కి కత్తిరించి, పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, 12×18 ఆశ ఇక వదులుకోవడమే.

డబ్బు తగలేసే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. 12×18లో సరిగ్గా తొమ్మిది 4×6లు పడతాయి. కాబట్టి ఫొటోలో ముఖ్యమైన చోట, మొహమో నేతో ఉన్న చోట, 1536 × 1024 పిక్సెళ్ల ముక్క కత్తిరించి దాన్ని 4×6గా వేయించండి. పెద్ద ప్రింటు ఎలా ఉండబోతోందో చిన్న ప్రింటు ఖర్చుతో చేతికొస్తుంది. కంప్యూటర్లోనే చూడాలంటే ఇంకో దారి. ఫొటోను 2304 × 1728కి కుదించి, మళ్లీ పాత సైజుకు పెంచి, అసలు దాని పక్కన పెట్టండి. తేడా కనిపించకపోతే మీ 16 మెగాపిక్సెళ్లలో నిజంగా ఉన్నవి నాలుగే. ఐఎస్ఓ 800 దగ్గర నా కెమెరాది అదే పరిస్థితి. నాలుగు మెగాపిక్సెళ్లు 6×8 సైజుకు అంగుళానికి 288 పిక్సెళ్ల చొప్పున చక్కగా సరిపోతాయి, 12×18కి 128 మాత్రమే.

చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి, గోడ మీద మూడడుగుల దూరానికి 100 చాలు. ఆ లెక్కన ఐఎస్ఓ 100, 200ల్లో ఎండలో తీసినవి 12×18కి ధైర్యంగా ఇస్తాను. శాలిహుండం కొండ మీద ఇటుక స్తూపాలు ఉదయపు ఏటవాలు ఎండలో తీసిన ఫొటో దగ్గరికెళ్లి చూసినా ఇటుకల మధ్య సందులతో సహా ఉంది. ఇంత చవక కెమెరా నుంచి అది ఊహించలేదు, ఒప్పుకుంటాను. 400 అయితే 8×12 దగ్గర ఆగుతాను. 800కి 6×8, 1600కి 4×6, అంతే. తుడుపు బాగా కనిపిస్తున్న ఫొటోకు గ్లాసీ వద్దు, మ్యాట్ అడగండి. ఎడిటింగ్‌లో కొద్దిగా గ్రెయిన్ (సన్నటి చుక్కలు) చల్లినా మైనపు నునుపు కొంత మరుగున పడుతుంది.

పక్షుల విడిది తేలినీలాపురంలో గూడబాతులకూ ఎర్రకాళ్ల కొంగలకూ మాత్రం ఈ లెక్క ఇంకో మెట్టు దిగుతుంది. పూర్తి జూమ్‌లో, ఎఫ్/6 దగ్గర, ఒక్కో కాంతి చుక్క ఐదారు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. అందుకని ఐఎస్ఓ 100లో తీసినా ఈకల గీతలు 8×12 దాటితే నిలవవు. తెల్లటి ఒళ్లు సున్నంలా వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్ మైనస్ 2/3 పెట్టాలి. ఎండ ముదిరితే నీటి మీద గాలి ఆవిరిలా ఆడుతుంది, పొద్దున్నే వెళ్లాలి. డిజిటల్ జూమ్ మెనూలోనే ఆపేయండి.

మళ్లీ కొంటానా అంటే, నేను తీసేది ఎక్కువ పగలు, వేయించేది ఎక్కువ ఆల్బమ్ సైజు. ఆ మేరకు కొంటాను. పెళ్లి పందిళ్లు, గుడి లోపలి దీపాలు తీసేవాళ్లకు ఒక అంగుళం రకం సెన్సరు, రా ఫైలు ఉన్నది చూసుకోమంటాను. ఆ సెన్సరు వైశాల్యం దీనికి నాలుగింతలు. కాకపోతే జేబులో పట్టే అలాంటి కెమెరాల్లో నేను చూసినంతలో జూమ్ చాలా తక్కువ, చెట్టు కొసన కొంగ తెల్ల చుక్కగానే మిగులుతుంది. అందుకే దీన్ని ఇంకా అమ్మలేదు, ఐఎస్ఓ మాత్రం 400 దాటకుండా కట్టేసి వాడుతున్నాను.