ఇంజన్ రీడింగులు గంతులేస్తుంటే ఏది మేలు: సెన్సర్ మార్చడమా, ఎర్త్ చూడటమా, డిజిటల్ మానిటర్ పెట్టడమా?

మా చిన్న విమానంలో ల్యాండింగ్ లైట్ స్విచ్ వేయగానే ఆయిల్ ప్రెషర్ ముల్లు 4 బార్ నుంచి 3కి దిగింది, అదే క్షణంలో ఆయిల్ టెంపరేచర్ 92 నుంచి 104కి ఎక్కింది. ప్రెషర్ పడిపోతూ వేడి పెరుగుతోందంటే ఇంజన్ తెలిసినవాళ్లకు ఎవరికైనా గుండె జారుతుంది. మా బావ మరుక్షణం ఇంజన్ ఆపేశాడు. మంచి పని చేశాడు, ఆయిల్ ప్రెషర్ ముల్లు అబద్ధం చెబుతోందని తేలేదాకా అది నిజమే చెబుతోందని అనుకోవాలి.

రేణిగుంట దగ్గర షెడ్డులో మేం మూడేళ్లుగా కట్టుకుంటున్న రెండు సీట్ల విమానం అది, రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజన్, 100 హార్స్‌పవర్. ఇంకా నేల వదల్లేదు, విమానాలను నియంత్రించే డీజీసీఏ నుంచి పర్మిషన్లు రావాలి, ఇప్పటికి తోకను గట్టిగా కట్టేసి, చక్రాలకు అడ్డు పెట్టి ఇంజన్ మాత్రం తిప్పి చూస్తున్నాం. ఈ ఇంజన్‌కి 3500 ఆర్పీఎం దాటాక ప్రెషర్ 2 నుంచి 5 బార్ మధ్య ఉండాలి కాబట్టి 3 అనేది హద్దులోదే, కానీ లైటు వేస్తే ప్రెషర్ పడటమేంటి?

ఇక్కడ మా ముందు మూడు దారులున్నాయి. బావది సెన్సర్ మార్చే దారి. అందరూ ముందు చేసేదీ అదే, ఎందుకంటే చేతికి అందేది, విప్పి బిగిస్తే అయిపోయేది సెన్సరే. మేమూ అదే చేశాం. బయటి దేశం నుంచి రావాలి కాబట్టి కొరియరూ కస్టమ్సూ కలిసి ఇరవై రోజులు పట్టింది, బిగించాం, లైటు వేశాం, ముల్లు మళ్లీ అదే చోటికి దిగింది. ఆ ఇరవై రోజుల్లో ఒక్కసారి కూర్చుని ఆలోచించి ఉంటే సరిపోయేది: ఈ ఇంజన్‌లో సుమారు మూడు లీటర్ల ఆయిల్ ఉంటుంది, ఒక్క సెకనులో అది పన్నెండు డిగ్రీలు వేడెక్కడం జరగని పని. లైటు ఆపగానే ముల్లు వెనక్కి రావడం అంతకన్నా జరగని పని. పైగా రెండు సెన్సర్లు ఒకే క్షణంలో పాడవుతాయా?

ఎర్త్ దారి, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే కనెక్షన్ చూడటం, చూపించింది చిత్తూరు నుంచి వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్ అన్న, లారీల వైరింగులో ముప్పయ్యేళ్లు చేసిన మనిషి, విమానం ముట్టుకోవడం అదే మొదటిసారి. సంగతంతా విని, "సెన్సర్ జోలికి పోవద్దు సామీ, ఇంజన్ కూడా ఆన్ చేయొద్దు, బ్యాటరీ ఒక్కటి ఆన్ చేసి లైటెయ్యి" అన్నాడు. మల్టీమీటర్‌ని నిరోధం కొలిచే ఓమ్స్ మీద కాదు, డీసీ వోల్ట్స్ మీద పెట్టాడు. ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది డ్యాష్‌బోర్డు వెనక మీటర్ల ఎర్త్ బోల్టు మీద. లైటు ఆఫ్‌లో సున్నా, ఆన్ చేయగానే 0.28 వోల్టు. ఓమ్స్‌లో ఎందుకు చూడలేదని అడిగితే, ఓమ్స్‌లో మల్టీమీటర్ పంపే కరెంటు చీమంత, ఆ చీమకు సన్నపు తీగ ఒక్కటి తగిలున్నా దారి దొరుకుతుంది, లోడు పడ్డప్పుడే దారి ఎంత ఇరుకో తెలుస్తుంది అన్నాడు.

జరిగిందేమిటంటే, ల్యాండింగ్ లైటు 55 వాట్లది, దాదాపు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, ఆ కరెంటు వెనక్కి వెళ్లే వైరూ మీటర్ల ఎర్త్ వైరూ ఒకటే. ఆ దారిలో కొంచెం అడ్డు ఉంటే చాలు, మీటర్ల మైనస్ దగ్గర వోల్టేజీ సున్నా నుంచి కొంచెం పైకి లేస్తుంది. మా సెన్సర్లు ఒక్క వైరువి, వాటి మైనస్ ఇంజన్ బాడీయే, అక్కడి వోల్టేజీ కదలదు. దాంతో మీటరుకు సెన్సర్ నిరోధం తగ్గినట్టు కనిపిస్తుంది. ప్రెషర్ సెన్సర్‌లో నిరోధం తగ్గితే ప్రెషర్ తగ్గినట్టు, టెంపరేచర్ సెన్సర్‌లో తగ్గితే వేడి పెరిగినట్టు. ఇంజన్ చచ్చిపోతున్నట్టు కనిపించింది అందుకే.

దీనికి తిరగేసిన కేసు ఇంకా భయంకరం. సెన్సర్ వైపు ఎర్త్ పాడైతే నిరోధం పెరిగి, ప్రెషర్ ఎక్కువగా, వేడి తక్కువగా చూపిస్తుంది, అంటే అన్నీ బాగున్నాయని చెబుతూ ఉంటుంది. ఒక్క వైరు సెన్సర్ మరలకు మందంగా టెఫ్లాన్ టేప్ చుట్టినా, రబ్బరు పైపు పెట్టి సెన్సర్‌ని ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) మీదికి మార్చి ఎర్త్ వైరు వేయడం మరిచిపోయినా ఇదే జరుగుతుంది.

మా మీటర్ల ఎర్త్ బోల్టు విప్పితే లగ్గు (వైరు చివర రింగు) కింద పెయింటు అలాగే ఉంది, అంచుల్లో తెల్లటి పొడి. రాగి లగ్గు, అల్యూమినియం పట్టీ, మధ్యలో తేమ, అంతకన్నా ఏం కావాలి. నేనే బిగించిన బోల్టు అది. ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, తగరం పూత ఉన్న లగ్గు, పళ్ల వాషర్ వేసి, మీటర్లకు విడిగా బ్యాటరీ దాకా ఎర్త్ వైరు లాగాం. మళ్లీ లైటు వేస్తే 0.02. ఖర్చు రెండు వందలు కూడా కాలేదు.

అలాగని ప్రతిసారీ ఎర్తే కారణం అనను. నెల తర్వాత ఒక సిలిండర్ హెడ్ టెంపరేచర్ ఒక్కటే, లైటుతో సంబంధం లేకుండా, ఆర్పీఎం పెరిగినప్పుడు ఎగరడం మొదలైంది. ఒకటే ఎగురుతుంటే ఆ సెన్సర్, దాని వైరు, దాని కనెక్టర్, అంతే. సెన్సర్ వైరు తీసి దాని బదులు వంద ఓమ్స్ రెసిస్టర్ ఒకటి ఎర్త్‌కి కలిపితే మీటరు ముల్లు రాయిలా నిలబడింది, అంటే మీటరూ వైరూ మంచివే. సెన్సర్‌ని మరిగే నీళ్లలో పెట్టి వేలితో తట్టితే మల్టీమీటర్‌లో అంకెలు గెంతాయి. అప్పుడు కొత్త సెన్సర్ కొన్నాం, ఈసారి ఆ డబ్బు మీద ఎవరికీ బాధ లేదు.

డిజిటల్ మానిటర్ పెట్టేద్దాం, ఈ గొడవలన్నీ పోతాయి అని ఒక ఫ్రెండ్ సలహా. మానిటర్ నాకూ ఇష్టమే, రీడింగులు రికార్డు చేస్తుంది, ఏ క్షణంలో ఏది కదిలిందో తర్వాత కూర్చుని చూసుకోవచ్చు. కానీ పాత ఎర్త్ మీదే దాన్ని కూర్చోబెడితే అదే అబద్ధాన్ని దశాంశాలతో సహా చూపిస్తుంది. ఎగ్జాస్ట్ టెంపరేచర్ సంగతైతే ఇంకా నాజూకు. దాన్ని కొలిచే కె టైప్ థర్మోకపుల్ (వేడిని బట్టి చిన్న వోల్టేజీ ఇచ్చే రెండు లోహాల తీగల జంట)లో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులే వస్తాయి, ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే దాదాపు 24 డిగ్రీలు. పొడవు చాలలేదని మామూలు రాగి వైరు అతికితే, ఆ అతుకు దగ్గర 70 డిగ్రీలు, మీటరు దగ్గర 40 ఉంటే 30 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. మే నెల మన ఎండల్లో కౌలింగ్ (ఇంజన్ మూత) కింద ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. కె టైప్ వైరుతోనే పొడిగించాలి, వేరే దారి లేదు.

కాబట్టి నన్ను అడిగితే, స్విచ్ వేయగానే రెండు మూడు ముళ్లు కలిసి కదిలితే ఎర్త్, ఒక్కటే గెంతుతుంటే సెన్సర్ లేదా దాని వైరు, మానిటర్ ఈ రెండూ తేలాకే. ఏది పట్టుకున్నా మొదటి పరీక్ష ఇంజన్ ఆపి, బ్యాటరీ ఒక్కటి ఆన్ చేసి చేయండి, ప్రొపెల్లర్ తిరుగుతుండగా ఎవరూ మల్టీమీటర్ పుల్లలు పట్టుకుని ముందుకు వంగొద్దు. మా బావ ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ లైటు, స్ట్రోబు, రేడియో ఒక్కొక్కటే ఆన్ చేసి ముళ్ల వైపు చూస్తాడు, కదలకపోతేనే తాళం తిప్పుతాడు.